బస్తా నంబరు నూటపదిహేడు

ఉద్యోగంలో ఉన్న ముప్ఫైమూడేళ్ళూ నేను రూలు పుస్తకానికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ ఏం అడగాలో తోచక "మీకిష్టమైన పుస్తకం ఏది?" అని అడిగితే దాని పేరే చెప్పాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. అందుచేత ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నేను రైల్వేవాళ్ళని వెక్కిరిస్తున్నానని మీకెక్కడైనా అనిపిస్తే ఆ తప్పు నాది కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నానంతే.

మాది మెట్టచెరువు జంక్షన్ నుంచి సముద్రం ఒడ్డున ఏటిమొగ దాకా పోయే నలభైరెండు కిలోమీటర్ల లైను. నేను స్టేషన్ మాస్టరుగా చేసిన కొంగలమెట్ట దానికి నట్టనడుమ ఉంటుంది. ఒక ప్లాట్‌ఫారం, ఒక రేకుల షెడ్డు, పార్సిళ్ళు తూచే పాత కాటా ఒకటి, నేను. పొద్దున్న ఏడూ పన్నెండుకి పాసింజరు జంక్షన్‌కి పోయేది, సాయంత్రం తిరిగొచ్చేది. నాలుగు పెట్టెలు. కిటికీ రెక్కలు దింపితే లేవవు, లేపితే దిగవు. గట్టు మీద నుంచి ఎవరైనా చెయ్యెత్తితే డ్రైవరు జాలిపడి బ్రేకు వేసేవాడు. ఆ జాలి నా రిజిస్టరులో "సాంకేతిక ఆలస్యం" కింద ఉండేది. ఈ బండిని మార్చి కొత్తది వేయమని మా ఊరివాళ్ళు ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టారు. ఆ అర్జీలన్నీ రాసిపెట్టినవాణ్ణి నేనే.

పాసింజరు కోసం అందరికన్నా ముందు వచ్చి కూర్చునేది కడలి సూరన్న, అతని భార్య పల్లాలమ్మ. సూరన్న కొబ్బరి దింపు తీసేవాడు. పాతికేళ్ళు చెట్లెక్కిన మనిషికి మూడేళ్ళ కిందట కిడ్నీలు చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం జంక్షన్ ఊళ్ళో ప్రభుత్వాసుపత్రికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. తొమ్మిదింటికి మంచం. తొమ్మిదీ పావుకి మనిషి లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. బస్సులో పోవాలంటే రెండు చోట్ల మారి, మధ్యలో పంటు మీద ఏరు దాటి, పదకొండుకి చేరాలి. కాబట్టి సూరన్న ప్రాణం ఏడూ పన్నెండు పాసింజరు మీద ఉండేది.

ఒక సోమవారం నాడు కాగితం వచ్చింది. "మీ మార్గమున నడచుచున్న పాత పాసింజరు స్థానే సరికొత్త బండి ప్రవేశపెట్టబడుచున్నది. కావున పాత బండి తక్షణమే ఉపసంహరింపబడినది." ఊళ్ళో తాటాకు టపాకాయలు కాల్చారు. నేనూ ఒకటి కాల్చాను.

మంగళవారం ఏడూ పదికి కొత్త బండి వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. లోపల్నుంచి చల్లగాలి వచ్చి మా మొహాలకి తగిలింది. పల్లాలమ్మ ఒక చేత్తో సూరన్నని, ఇంకో చేత్తో క్యారేజీని పట్టుకుని కాలు పైన పెట్టబోయి ఆగిపోయింది.

"నిండిపోయారండి మేస్టారూ," అంది.

ఉన్నవి ఇసుక బస్తాలు. సీటుకి ఒకటి చొప్పున, వీపు ఆనించి, బుద్ధిగా కూర్చోబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా నల్లరంగుతో నంబరు. చేతిలో టాబ్ పట్టుకుని ఒకమ్మాయి దిగింది. పేరు హిమజ, ట్రయల్ ఇంజినీరు.

"ఎక్కకూడదండీ," అంది పల్లాలమ్మతో, నొచ్చుకుంటూనే. "కొత్త బండి జనాన్ని ఎక్కించుకునే ముందు జనమంత బరువుతో నడిపి చూడాలి. ఒక ప్రయాణికుడంటే అరవైఐదు కిలోలు. అందుకని ఈ బస్తాలు."

"మేవూ అంతే బరువుంటావండి. మావల్నే ఏసి చూసుకోండి," అంది పల్లాలమ్మ.

"మీరు పడిపోతే దెబ్బలు తగుల్తాయి కదండీ. బస్తాలకి తగలవు."

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. బండి సరిగ్గా ఏడూ పన్నెండుకి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద నలభైమంది జనం, ఒక ఆకుకూరల గంప, సూరన్న మిగిలారు. ఆ రోజు వాళ్ళు బస్సులో పోయి పదకొండున్నరకి ఆసుపత్రి చేరారు. మంచం పోయింది. మర్నాడు సూరన్న మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి కనిపించాడు.

నేను పై ఆఫీసుకి ఫోను చేసి, ట్రయల్ అయ్యేదాకా పాత బండి కూడా నడపకూడదా అని అడిగాను.

"ఒకే మార్గంలో రెండు బళ్ళుంటే దాన్ని భర్తీ అనరు మాస్టారూ, అదనం అంటారు. మనకి మంజూరైంది భర్తీ," అన్నారు.

ఇది చెప్పినవారు శ్రీ నిష్ఠల సదానందం గారు, నూతన రైళ్ళ భర్తీ విభాగానికి ప్రత్యేకాధికారి. ఇంగ్లండులో పాత రైళ్ళ స్థానంలో కొత్త రైళ్ళు ఎలా వేస్తున్నారో చూసి రమ్మని ఆయన్ని పదకొండు రోజులు పంపారు. అక్కడ ఏదో ఒక లైను మీద కొత్త బళ్ళు ఏడాది పైగా మనుషుల్లేకుండా తిరిగి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదని ఎవరో ఆయనకి చెప్పారట. చెప్పినవాడు వాపోయాడో, గొప్పలు పోయాడో నాకు తెలీదు. సదానందం గారు మాత్రం ముగ్ధులై తిరిగొచ్చారు.

పదిహేను రోజులన్న ట్రయల్ నెలైంది. నెల తరువాత సదానందం గారు స్వయంగా మా స్టేషనుకి వచ్చి, షెడ్డు కింద కుర్చీ వేయించుకుని, ఫలితాలు చదివి వినిపించారు. ఆలస్యం: శూన్యం. గొలుసు లాగుట: శూన్యం. తలుపులకు అడ్డు నిలుచుట: శూన్యం. కిళ్ళీ మరకలు: శూన్యం. బస్తాల నుంచి వచ్చిన ఫిర్యాదులు: శూన్యం.

"నా సర్వీసులో ఇలాంటి లోడు చూడలేదు మాస్టారూ," అన్నారు ఆయన. గొంతు కొంచెం గాద్గదికమైంది. "ఇన్నాళ్ళూ మనం బళ్ళని అనుమానించాం. పట్టాలని అనుమానించాం. సిగ్నళ్ళని అనుమానించాం. అసలు లోపం ఎక్కడుందో ఎవ్వరూ చూడలేదు. ప్రయాణికుడు అస్థిరరాశి. బస్తా స్థిరరాశి. వ్యవస్థ అనేది స్థిరరాశి మీద నిలబడుతుంది."

"అయితే సార్, జనాన్ని ఎప్పుడు ఎక్కిస్తాం?"

"తొందరపడకూడదు. బస్తాలు కూర్చోవడంలో ఉత్తీర్ణత సాధించాయి. ఎక్కడం, దిగడం ఇంకా మిగిలి ఉంది."

అంచేత రెండో దశ మొదలైంది. జనం ఏ స్టేషన్లో ఎంతమంది ఎక్కి దిగుతారో అన్ని బస్తాలు అక్కడ ఎక్కి దిగాలి. కొంగలమెట్టకి నలభై బస్తాలు కేటాయించి, అవి ఎక్కే వ్యవధి కోసం బండిని ఏడింటికే రప్పించారు. వాటిని ఎక్కించడానికి మనుషులు కావాలి గనుక, బండి ఎక్కనివ్వక మిగిలిపోయిన మనుషుల్నే హమాలీలుగా పెట్టుకున్నారు. మావాళ్ళు రోజూ పొద్దున్న నలభై బస్తాల్ని ఎత్తి చల్లటి పెట్టెలో సీట్లలో కూర్చోబెట్టి, కిందికి దిగి, చెమట తుడుచుకుని, జంక్షన్‌కి బస్సెక్కేవారు.

పనిలో పనిగా మిగతా మర్యాదలూ వచ్చాయి. ఆడవాళ్ళ పెట్టెకి కేటాయించిన బస్తాలకి మూతి దగ్గర ఎర్రదారం కట్టమన్నారు. కుట్లు ఊడిన పాత బస్తాల్ని వృద్ధుల కోటాలో కిటికీ పక్కన పెట్టమన్నారు. "బస్తాలు పసుపు గీత దాటి నిలబడరాదు" అని మూడు భాషల్లో మైకులో చెప్పమన్నారు. చెప్పాను. ఒకరోజు టిక్కెట్ ఇనస్పెక్టరు వచ్చి, ఒకటో పెట్టెలో ఉండాల్సిన ఎనభైనాలుగో నంబరు మూడో పెట్టెలో దొరికిందని నాకు మెమో ఇచ్చాడు. సంజాయిషీ రాశాను. నవ్వొచ్చే విషయం కాదు. రూలు రూలే.

ఈలోగా సూరన్న, పల్లాలమ్మ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ముందురోజు సాయంత్రమే బస్సులో పోయి ఆసుపత్రి వరండాలో పడుకునేవారు. దోమలు, చలి, పక్కన ఎవరి ఏడుపో. మనిషి దిగిపోయాడు. ఒకప్పుడు తొంభై అడుగుల చెట్టు మీద నిలబడి కింద ఉన్నవాళ్ళతో పరాచికాలాడినవాడు, మా స్టేషను మెట్లు మూడూ ఎక్కడానికి రెండుసార్లు ఆగేవాడు. అది చూసినప్పుడు నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు. ఎవరి మీద కోప్పడాలో రూలు పుస్తకంలో లేదు మరి.

ఆషాఢంలో ఏటికి నీళ్ళొచ్చి పంటు ఆపేశారు. సోమవారం సాయంత్రం బస్సు లేదు. మంగళవారం తెల్లారి ఆ దంపతులు స్టేషనుకి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఎందుకొచ్చారని నేను అడగలేదు. ఇంకెక్కడికీ పోయే దారి లేక వచ్చారు.

బండి వచ్చింది. మావాళ్ళు బస్తాలు ఎక్కించడం మొదలుపెట్టారు. ముప్ఫైతొమ్మిది ఎక్కాయి. నలభయ్యోదాన్ని ఎత్తగానే అడుగు ఊడిపోయి ఇసుకంతా ప్లాట్‌ఫారం మీద పడింది. షెడ్డులో పందికొక్కులు కొరికేశాయి. దాని నంబరు నూటపదిహేడు.

హిమజ టాబ్ వంక చూసి బెంబేలెత్తిపోయింది. "సార్, ఒక ప్రయాణికుడు తక్కువ! లోడు నిండనిదే బండి కదిలించకూడదు. రెండు నిమిషాలే ఉంది. మూడు నెలల్లో ఒక్క ఆలస్యం లేదు సార్!"

నేను పడిపోయిన ఇసుకని చూశాను. బల్ల మీద సూరన్నని చూశాను. ఆ తరువాత కాటాని చూశాను. ముప్ఫైమూడేళ్ళలో మొదటిసారి నాకు రూలు పుస్తకంలో ఒక సందు కనిపించింది. ఒక ప్రయాణికుడు ఒక బస్తాకి సమానమైతే, ఒక బస్తా కూడా ఒక ప్రయాణికుడికి సమానమే కదా.

"సూరన్నా, ఇలా వచ్చి దీని మీద నించో," అన్నాను.

ముల్లు ఊగి ఊగి అరవైఐదు దగ్గర ఆగింది. ఒంట్లో నీరు చేరినరోజు గనుక సరిగ్గా అంత తూగాడు.

మెమో పుస్తకం తీసి రాశాను: "బస్తా నం. 117 శిథిలమైనందున, దాని స్థానే సమాన భారము గల మరియొకటి అమర్చబడినది." సంతకం పెట్టి హిమజ చేతికిచ్చాను. ఆ అమ్మాయి చదివింది. సూరన్న కాళ్ళ వాపు చూసింది. టాబ్‌లో ఏదో నొక్కింది.

"బస్తాని దించడానికి హమాలీ కూడా ఉండాలి," అంది పల్లాలమ్మ వైపు తిరిగి. "రండి, త్వరగా ఎక్కండి."

బండి ఏడూ పన్నెండుకి కదిలింది. సూరన్న తొమ్మిదింటికి మంచం మీద ఉన్నాడు.

"దారి పొడుగూతా ఒక్క మాటాడలేదండి," అంది సాయంత్రం పల్లాలమ్మ, నవ్వు ఆపుకోలేక. "దాహమేత్తందా అంటే తలకాయ కూడా ఊపలేదు. దిగేక అడిగితే, బస్తా మాటాడుద్దేటే అన్నాడండి!"

"మీ ఉజ్జోగం పోకూడదని కదండీ," అన్నాడు సూరన్న. కొత్త బస్తా కావాలని నేను పై ఆఫీసుకి అర్జీ పెట్టలేదు. అర్జీ పెట్టకపోవడం నేరమని ఏ రూలులోనూ లేదు.

నెలరోజులు హాయిగా గడిచాయి. మంగళ, శుక్రవారాలు సూరన్న బస్తాగా వెళ్ళి బస్తాగా వచ్చేవాడు. మిగతా రోజుల్లో అతని సీట్లో ఒక బియ్యం మూట పెట్టేవాళ్ళం. అప్పుడు వచ్చింది రెండో కాగితం. జంక్షన్‌లో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్తాల్ని తూచే ఏర్పాటు ఒకటి ఉంది; అక్కడి గుమస్తా నంబరూ బరువూ తప్ప ఇంకేమీ చూడడు. "బస్తా నం. 117 ప్రతి మంగళ, శుక్రవారములందు మూడు కిలోల ఇసుక కోల్పోవుచున్నది. ఇది వ్యవస్థీకృత ఇసుక అపహరణగా అనుమానింపబడుచున్నది. విచారణాధికారి స్వయముగా వచ్చుచున్నారు."

మా గోదారి జిల్లాల్లో మనిషి పోతే ఒక కానిస్టేబులు వస్తాడు. ఇసుక పోయిందంటే జీపులు వస్తాయి. మూడు వచ్చాయి.

షెడ్డు కింద బల్ల వేశారు. సదానందం గారు కూర్చున్నారు. రిటైర్మెంటుకి నాకింక పధ్నాలుగు నెలలుంది. ఆ మెమో కింద సంతకం నాది.

"బస్తా నంబరు నూటపదిహేడుని ప్రవేశపెట్టండి," అన్నారు.

సూరన్న వచ్చి రెండు చేతులూ జోడించాడు. సదానందం గారు అతన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ అతన్ని చూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇది మాట్లాడుతుందా?"

"అడిగితే మాటాడతానండి బాబుగారూ," అన్నాడు సూరన్న.

"నీలోంచి మూడు కిలోలు ఎక్కడికి పోతున్నాయి?"

"ఆసుపత్రిలో తీసేత్తారండి. నీరండి. మళ్ళీ మంగళారానికి ఊరిపోద్దండి, ఆయ్."

సదానందం గారు కాగితం మీద రాసుకుంటూ గొణుక్కున్నారు. "అపహరణ మార్గమధ్యమున కాదు, గమ్యస్థానమున. తీసినది ప్రభుత్వాసుపత్రి. అనగా ప్రభుత్వమే." కలం ఆపి తలెత్తారు. "మాస్టారూ, ఇది మనిషి. మీరు ట్రయల్ బండిలో మనిషిని ఎక్కించారు. దీని పర్యవసానం తెలుసా మీకు?"

నేను నోరు తెరిచేలోగా పల్లాలమ్మ ముందుకొచ్చింది.

"ఆయన్నేటంటారండి, నన్నడగండి! ఇసక్కి ఏసీ ఏసేరు. ఇసక్కి కిటికీ పక్కన సీటిచ్చేరు. మనిసికేమో ఆసుపత్రి వరండావా? నా మొగుణ్ణి తూసుకోండి, నంబరేసుకోండి, మూతి కుట్టేత్తానంటే కుట్టేయండి. తొమ్మిదింటికి మంచం ఎక్కపోతే ఆడు సచ్చిపోతాడండి బాబూ. సచ్చిపోయేక ఎంత తూగితే ఏటి మీకు?"

హిమజ మెల్లిగా దగ్గింది.

"సార్, ఒక సాంకేతిక సందేహం. ఇతను మనిషి అని మనం రాస్తే, నెలరోజులుగా ట్రయల్లో మనిషి ఉన్నట్టు లెక్క. అప్పుడు ట్రయల్ చెల్లదు. నూటికి నూరు శాతం రికార్డు చెల్లదు. మొదట్నుంచీ మళ్ళీ చెయ్యాలి. మీరు వచ్చే నెల రాజధానిలో ఇవ్వబోయే ఉపన్యాసం..."

సదానందం గారి మొహంలో రంగు మారింది. రూలు పుస్తకం తెప్పించుకున్నారు. బస్తా నిర్వచనం ఉన్న పేజీ తీసి వేలు పెట్టి మూడుసార్లు చదివారు. మూడోసారికి వేలు ఒక దగ్గర ఆగింది.

"చూశారా! ఇక్కడ 'ఇసుక' అని లేదు. 'తగిన పూరక పదార్థముతో నింపబడి, నిర్ణీత భారము కలిగి, బాహ్యావరణము చిరగకుండునది' అని ఉంది. అంటే లోపల ఏముండాలన్నది స్థానికాధికారి విచక్షణకి వదిలేశారు." సూరన్నని ఎగాదిగా చూశారు. "బాహ్యావరణం చిరగలేదు. నిర్ణీత భారం ఉంది. ఇది బస్తాయే. రాసుకోండి."

రాసుకున్నాం. సూరన్న ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. బస్తా వంగకూడదని ఆయన వారించారు.

"అయితే మూడు కిలోల లోటు మాత్రం ఉపేక్షించలేం. తిరుగుప్రయాణంలో ఈ బస్తా మూడు కిలోల ఇసుక పొట్లం వెంట ఉంచుకోవాలి."

ఆ వారం నుంచి సూరన్న ఆసుపత్రి నుంచి వస్తూ ఒళ్ళో పొట్లం పెట్టుకుని కూర్చునేవాడు. పొట్లాన్ని తిరిగి ఇమ్మని ఉత్తర్వులో లేదు గనుక ఇంటికి పట్టుకుపోయి వాకిట్లో పోసేవాడు. చూస్తుండగానే చిన్న కుప్పయింది. పల్లాలమ్మ ఆ ఇసుకతో అరుగు కట్టించింది. ఆవిడ అరుగంతా సూరన్న నీరేనని ఊరివాళ్ళు పరాచికాలాడారు.

విచారణ తీర్పు చిన్న ఊళ్ళో దాగుతుందా? మర్నాడే ఆకుకూరల సత్తెమ్మ కాటా ఎక్కి "నన్ను కూడా బస్తా రాసుకోండి మేస్టారూ," అంది. యాభైఎనిమిది తూగింది. గంప తలకెత్తాను, అరవైఐదు వచ్చింది. ఇంకేముంది! వారంలో ప్లాట్‌ఫారం మీద క్యూ కట్టారు. బక్కవాళ్ళు అరటిగెల పట్టుకుని వచ్చేవారు. లావువాళ్ళ పక్కన బక్కవాళ్ళని నిలబెట్టి ఇద్దరినీ జమిలిగా రెండు బస్తాలు రాసేవాణ్ణి. కిరాణా కొట్టు నరసయ్య గారు తొంభైఏడు. ఆయనకి ఎవరూ జోడీ కుదరక ఒకటిన్నర బస్తా అని రాసుకున్నాను. ఒకసారి సరదాకి నేనూ ఎక్కాను. అరవైఎనిమిది. మూడు కిలోలు ఎక్కువ, పనికిరాను.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. మావాళ్ళు బస్తాలయ్యాక నిజంగానే మారిపోయారు. తలుపు దగ్గర నిలబడేవాళ్ళు లేరు. గొలుసు లాగేవాళ్ళు లేరు. సీటు కోసం కొట్టుకునేవాళ్ళు లేరు. బస్తా అలా చేస్తే ఇసుక నింపిన బస్తాని తెచ్చిపెడతారన్న భయం అందరికీ ఉంది. ఆరు నెలలు తిరిగేసరికి బండిలో మా ఊరి వాటాకి ఒక్క ఇసుక బస్తా కూడా లేదు. కాగితం మీద ఒక్క మనిషీ లేడు. సదానందం గారి ఉపన్యాసానికి రాజధానిలో శాలువా కప్పారు.

చివరికి జనానికి బండి ప్రారంభించే రోజు రానే వచ్చింది. మామిడాకులు కట్టాం. సదానందం గారు మైకు పుచ్చుకున్నారు.

"సుదీర్ఘ పరీక్షానంతరం, ఈ సరికొత్త బండి నేటి నుంచి ప్రజలకి అంకితం! ఇకపై మీరు ప్రయాణికులు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొడుతూ, గోడకి అంటించిన కొత్త టైంటేబులు వైపు చూశాను. చప్పట్లు ఆపేశాను.

"కొంగలమెట్ట: గత ఆరు మాసములలో ఎక్కిన ప్రయాణికులు శూన్యము. కావున ఆగదు." దాని పక్కన చుక్క. కింద చుక్కకి వివరం సన్నక్షరాల్లో ఉంది. "బస్తాల నిమిత్తము రెండు నిమిషములు ఆగును."

గట్టిగా చదివాను. ఆ శూన్యం నా చేత్తో, నా రిజిస్టరులో, రోజూ రాసిందే. సూరన్నని బండెక్కించానని మురిసిపోయినవాణ్ణి, ఊరికే బండి లేకుండా చేశానేమోనని ఆ క్షణాన నా మీద నాకే అసహ్యం వేసింది.

"సార్, బస్తాలు ఇంకా ఎందుకు సార్? జనం ఎక్కుతున్నారు కదా," అన్నాను.

"స్థిరరాశి ఒకటి మార్గం మీద ఎప్పుడూ ఉండాలి మాస్టారూ. లేకపోతే అస్థిరరాశిని దేంతో పోల్చి చూస్తాం?" అని ఆయన జనం వైపు తిరిగారు. "తొలి ప్రయాణికుడిగా ఫోటో దిగడానికి మీలో ఒకరు ముందుకు రండి. అంటే, వచ్చే స్టేషన్లో ఎక్కాలనుకోండి. ఇక్కడ ఆగదు."

సూరన్న మెట్లు దిగి ముందుకొచ్చాడు. ఈమధ్య ఆగకుండానే దిగుతున్నాడు.

"తమరు తప్పుగా అనుకోపోతే ఒక మాటండి. మేం పేసింజర్లం కాదండి బాబుగారూ. బస్తాలవండి."

"అందరూనా?" అన్నారు సదానందం గారు.

"ఆయ్, ఊరూరంతానండి," అంది వెనక నుంచి పల్లాలమ్మ.

ఆయన మొహం వెలిగిపోయింది. రికార్డు పదిలంగా ఉండబోతోందని అర్థమైంది పాపం. ప్రయాణికుల వరస ఖాళీగానూ, బస్తాల వరసలో రెండువందల పన్నెండు అనీ రాసుకుని, నాతో చెయ్యి కలిపి, జీపెక్కి వెళ్ళారు.

ఆ తరువాత నేను రిటైరై ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. పల్లాలమ్మకి మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే, శుక్రవారాలు సూరన్నకి తోడుగా నేను వెళ్తానన్నాను. పోయేటప్పుడు హమాలీ కోటాలో వెళ్ళాను. సాయంత్రం జంక్షన్‌లో కాటా దగ్గర కొత్తగా వచ్చిన తూనిక గుమస్తా అడ్డం పడ్డాడు.

"హమాలీ కోటా పోయేటప్పుడే. ఇప్పుడు మీరు ప్రయాణికులా, బస్తానా? ప్రయాణికులైతే కొంగలమెట్టలో దిగడానికి వీల్లేదు. బస్తా అయితే ఎక్కండి, తూస్తాను."

ఎక్కాను. అరవైఎనిమిది. రూలు ప్రకారం పనికిరానని నాకు ముందే తెలుసు. ఆ రూలు నేనే ఎంతోమందికి చదివి వినిపించినవాణ్ణి. కాటా దిగబోయాను.

సూరన్న తన చేతిలోని ఇసుక పొట్లం తీసి గుమస్తా బల్ల మీద పెట్టేసి, వచ్చి నా పక్కన కాటా మీద నించున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ముప్ఫైమూడేళ్ళలో ఎవరూ స్టేషన్ మాస్టరు భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

"నాకు మూడు తక్కువండి, మేస్టారికి మూడు ఎక్కువండి," అన్నాడు గుమస్తాతో. "ఇద్దర్నీ కలిపి తూసుకోండి. సరిగ్గా రెండు బస్తాలు."

ముల్లు నూటముప్ఫై దగ్గర ఆగింది. గుమస్తా టిక్కు పెట్టాడు.